అండాలమ్మ పెంచిన ఎదురు

అండాలమ్మకు కోపమొస్తే అరవదు. ఇస్త్రీ పెట్టె మూత తీసి బొగ్గులు ఊదుతుంది. ఆ సంగతి తెలియనివాళ్ళు ఆమెను మెత్తని మనిషి అనుకుంటారు. పట్టాభి గారు అలాగే అనుకున్నారు, అనుకుని చాలాకాలం హాయిగా బతికారు కూడా.

చైతన్యపురి మెట్రో దిగి కొత్తపేట వైపు కాస్త నడిస్తే ఎడమ చేతికి ఒక సందు. సందులో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన అండాలమ్మ ఇస్త్రీ బండి, దానికి ఎదురుగా శ్రీనిలయం అపార్ట్‌మెంట్ గేటు. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి ఆమె కొత్త పెళ్ళికూతురుగా మొగుడు సాయిలు వెంట ఈ సందులోకి వచ్చినప్పుడు శ్రీనిలయానికి ఇంకా పునాదులు తవ్వుతున్నారు. వయసు లెక్కన చూస్తే ఆ బిల్డింగ్ ఆమెకు చెల్లెలి వరస. అయినా అసోసియేషన్ మీటింగుల్లో ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు, "ఆ బండి ఆవిడ" అంటారు. సాయిలు బట్టలు తెచ్చేవాడు, ఆమె ఇస్త్రీ చేసేది, ఇద్దరూ కలిసి మూటలు పంచేవాళ్ళు. కర్మన్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి ఉండేవాళ్ళు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి అడిగినవాళ్ళకు "ఇన్ని ఇండ్ల పోరగాండ్ల అంగీలు నా చేతి మీదికెల్లే పోతయ్, ఇంకేం కావాలె" అనేది.

పట్టాభి గారిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ ఆయనది. లెక్కలు చెబుతారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత, బొరుసు పడే అవకాశం ఎంత అని బోర్డు నిండా రాసి, గత పదిసార్లూ బొమ్మే పడినా ఈసారి పడబోయేదానికి దాంతో సంబంధం లేదని పిల్లలకు గొంతు చించుకుని చెప్పే మనిషి. అదే మనిషి ఇంటి గేటు దగ్గర కారు తాళాలు పట్టుకుని, ఎవరు ఎదురొస్తారోనని మెడ సాచి చూసేవారు. తుమ్ము వినిపిస్తే ఆగేవారు. ఒంటి బ్రాహ్మడు ఎదురైతే వెనక్కి తిరిగేవారు. చదువు బోర్డు మీద, భయం గడప దగ్గర. రెండింటినీ ఆయన ఏనాడూ ఒకదానికొకటి పరిచయం చేయలేదు.

శకునాల్లో మంచివీ ఉంటాయి కదా. మడతపెట్టిన శుభ్రమైన బట్టల మూట ఎదురైతే వెళ్ళిన పని అవుతుందట. అందుకని ముఖ్యమైన పని ఉన్న రోజు పట్టాభి గారు గేటు దగ్గర నిలబడి, "అండాలమ్మా, మూట పట్టుకుని ఒకసారి ఇలా ఎదురు రామ్మా" అని పిలిచేవారు. ఆమె చేతిలో పని వదిలేసి, మూట నెత్తిన పెట్టుకుని, సందులో కొంచెం దూరం వెళ్ళి తిరిగి ఆయనకు ఎదురుగా నడిచి వచ్చేది. ఆయన నవ్వి కారెక్కేవారు. నిజం చెప్పాలంటే ఆమెకు అది గర్వంగానే ఉండేది. తన నడకతో ఒక మనిషి పనులు అవుతున్నాయంటే ఎవరికి మాత్రం ఉండదు?

సాయిలు కామెర్లు ముదిరి దవాఖానాలో పోయాడు. దినాలు అయ్యాక ఆమె తిరిగి బండి దగ్గరికొచ్చిన మొదటి ఉదయం, పట్టాభి గారు పట్టు చొక్కాలో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పాత అలవాటుకొద్దీ మూట ఎత్తుకుని ఎదురు నడిచింది. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కడే ఆగు. ఇకనుంచి నేను వెళ్ళాక రా."

అదే మూట, అవే మడతలు, అవే చేతులు. నుదుటన బొట్టు ఒక్కటే లేదు. అండాలమ్మ మూట దింపి, ఆయన కారు సందు దాటేదాకా గోడవైపు తిరిగి నిలబడింది. తర్వాత వెళ్ళి బొగ్గులు ఊదింది. అప్పటి నిప్పు ఆరిపోయిందని ఆయన అనుకుని ఉంటారు, అసలు అనుకుంటే.

ఆ ఏడు వానలకు ఒక పిల్లి వచ్చి బండి కింది బుట్టలో పడుకుంది. బొగ్గుల వేడికి బుట్ట ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఒళ్ళంతా నలుపే, ఎక్కడా తెల్ల మచ్చ కూడా లేదు. ఆమె దానికి కాటుక అని పేరు పెట్టింది. తన అన్నంలో సగం పెట్టింది. ఎవరూ లేని మనిషికి సాయంత్రం పూట కాళ్ళకు ఒక ఒళ్ళు రుద్దుకుంటుంటే ఎలా ఉంటుందో ఎవరికి వారు ఊహించుకోవాలి.

ఇక్కడ ఒక్కమాట అడగాలి. పసిబిడ్డకు దిష్టి తగలకూడదని బుగ్గన పెట్టేది నలుపే. కాలికి కట్టేది నల్ల తాడే. ఐదోతనానికి గుర్తని మెడలో వేసుకునేవి నల్లపూసలే. నల్లనివాడు, నీలమేఘశ్యాముడు అని దేవుణ్ణి పొగిడి పొగిడి గొంతులు బొంగురుపోతాయి. ఆ నలుపే నాలుగు కాళ్ళ మీద నడుచుకుంటూ వస్తే మాత్రం మనకు గుండె జారుతుంది. సిగ్గుండాలి.

కాటుక నాలుగు పిల్లల్ని పెట్టింది, శ్రీనిలయం పార్కింగ్‌లో పాత పరుపుల వెనకాల. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. పార్కింగ్‌లో కార్లు కదలడం మొదలయ్యే వేళకు, చక్రాల కింద పడతాయన్న భయమో ఏమో, ఒక్కొక్క దాన్నే మెడ దగ్గర నోట కరచుకుని రోడ్డు దాటించి ఇస్త్రీ బండి కిందికి చేర్చసాగింది. అదే ఉదయం పట్టాభి గారు ఒక స్థలం కొనడానికి బయల్దేరారు. కాటుక ఒక పిల్లతో అడ్డం వచ్చింది. ఆయన ఆగారు. రెండోదాని కోసం వెనక్కి వెళుతూ మళ్ళీ అడ్డం వచ్చింది. చివరికి ఎలాగో వెళ్ళారు గానీ, అమ్మేవాడు మనసు మార్చుకున్నాడట. ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

అండాలమ్మ సైదాబాద్‌లో బట్టలిచ్చి వచ్చేసరికి బుట్టలో పిల్లలు ఒకటే అరుపు. కాటుక లేదు. వాచ్‌మన్ దశరథ తల ఎత్తకుండా చెప్పాడు.

"సార్ సంచిల ఏస్కొని మూసారాంబాగ్ బ్రిడ్జి దిక్కు కొంటవోయిండు అక్కా."

"ఇడిసిపెట్టిండా, ఏట్లె ఏసిండా?"

"నన్నడగకక్కా."

ఆమె ఇస్త్రీ పెట్టె కూడా ఆర్పకుండా మూసారాంబాగ్ పోయింది. మూసీ ఒడ్డున చెత్తలో, ముళ్ళపొదల్లో, "కాటుకా, కాటుకా" అని గొంతు పోయేదాకా పిలిచింది. బ్రిడ్జి మీద పోయేవాళ్ళు పిచ్చిదనుకున్నారు. పిల్లి దొరకలేదు. తిరిగొచ్చి పాలలో దూది ముంచి పిల్లల నోట్లో పిండింది. అయినా ఒకదాని వెనక ఒకటి చచ్చిపోయాయి. మిగిలింది ఒక్కటే, తల్లికంటే నల్లది. దాన్ని కొంగులో చుట్టుకుని, వేలెడంత తల మీద చెయ్యి పెట్టి అండాలమ్మ అంది:

"నీ అవ్వ పగ నువ్వే తీర్సాలె బిడ్డా."

దానికి మైసి అని పేరు పెట్టింది. ఊరి మైసమ్మ తలుచుకుంటే ఎవణ్ణీ వదలదని ఆమె నమ్మకం.

పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. తెగవు. అందుకే అండాలమ్మ శాపనార్థాలు పెట్టలేదు, ఎండు రొయ్యలు కొన్నది. ఎవరింట్లో ఎప్పుడు ముఖ్యమైన పని ఉందో ఇస్త్రీ మనిషికి వేరే చెప్పక్కర్లేదు, ముందురోజు వచ్చే బట్టలే చెబుతాయి. పట్టాభి గారి ఇంటినుంచి జరీ అంచు పంచె, తెల్ల చొక్కా వచ్చాయంటే తెల్లారి ఏదో శుభకార్యం ఉన్నట్టే. ఆ పూటకు మైసికి తిండి పెట్టేది కాదు. ఉదయం గేటు కిర్రుమనగానే బొడ్డు సంచిలోంచి గుప్పెడు రొయ్యలు తీసి సందుకు అవతలి వైపు విసిరేది. మైసి నల్ల దారం లాగినట్టు రోడ్డుకు అడ్డంగా దూసుకుపోయేది.

మొదటి దెబ్బ కొడుకు వంశీకృష్ణ పెళ్ళిచూపులకు తగిలింది. పట్టాభి గారు గేటు దాటబోయారు, మైసి అడ్డం పోయింది. వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ వచ్చారు. రొయ్యలు ఈసారి ఇవతల పడ్డాయి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ మంచినీళ్ళు. మూడోసారి వచ్చేసరికి రాహుకాలం మొదలైంది. అదీ దాటాక బయల్దేరి వనస్థలిపురం చేరితే, పిల్ల తరఫువాళ్ళు చూసి చూసి విసిగి, ఇంత పట్టింపులేని మనుషులతో మాకొద్దనేశారు. ఆ సాయంత్రం అండాలమ్మ బొచ్చె చేప తలకాయ కొని, ముళ్ళు ఏరి మరీ మైసికి పెట్టింది. తనూ ఆ రోజు కడుపునిండా తిన్నది.

తర్వాత పట్టాభి గారు ఒక ఉపాయం కనిపెట్టారు. పిల్లి దాటిన చోటు వేరెవరైనా ముందు దాటితే దోషం వాళ్ళకు పోతుందట. దశరథను పిలిచేవారు.

"దశరథా, నువ్వు ముందు ఆ చివరికి వెళ్ళి రావయ్యా."

"పొద్దుగాల్ల సంది మీ దోషాలు నేనే మోస్తున్న సార్. నాకు ఆడపిల్ల పెండ్లున్నది, నా నసీబు అరిగిపోదా?" అనేవాడు దశరథ, అంటూనే దాటేవాడు. అండాలమ్మ చొక్కా కాలరు రుద్దుతూ చూసేది. దశరథ దాటి రాగానే రెండో గుప్పెడు విసిరేది.

ఎల్బీనగర్‌లో కొత్త బ్రాంచి తెరిచిన రోజు ముహూర్తం కాస్తా సందులోనే గడిచిపోయింది. రిబ్బను పట్టుకున్న పిల్లల చేతులు పీకాయి తప్ప సారు రాలేదు. కథలు పుట్టడానికి అది చాలు. మూడో అంతస్తు కోటేశ్వరమ్మ గారి కుక్కర్ పేలితే, ఉదయం మైసిని చూశానంది. పక్క ఫ్లాటు శేఖర్ బైకు పంక్చరైతే అదీ మైసి ఖాతాలోకే. అండాలమ్మ ఊరుకుందా? ఉప్పూ కారం అద్దింది. "మీరన్నంక చెప్తున్నమ్మా, దాని కండ్లళ్ల ఏదో ఉన్నది. నేను సాకుతున్న గనుక నన్ను ఇడిసిపెట్టింది" అని గొంతు తగ్గించి చెప్పేది. జనం గుండెలు గుబగుబలాడటం చూస్తే ఆమెకు భలే ఉండేది. తనను గోడవైపు తిప్పి నిలబెట్టిన సందు ఇప్పుడు తన పిల్లిని చూసి గోడలకు అతుక్కుంటోంది.

పగ అంటే ఇంత తియ్యగా ఉంటుందా అనుకుంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం పట్టాభి గారు గేటు దగ్గర ఫోన్‌లో మాట్లాడటం వినపడింది.

"సెలక్షన్లు ఈసారి కూడా రాలేదండీ. ఏం చేస్తాం, మా వీధిలో ఒక దరిద్రపు నల్లపిల్లి ఉంది. అది ఎదురైన రోజు నా ఖర్మ ఇంతే. లేకపోతే మన కోచింగ్‌లో లోపమేముంది? మా వాడి పెళ్ళి సంబంధం కూడా దానివల్లే పోయింది. మనం చేసేదేముంది, అంతా దాని మహిమ."

మాటలకంటే ఆ గొంతు ఆమెను కోసింది. అందులో బాధ లేదు. భోజనం చేసి తాంబూలం వేసుకున్న మనిషి గొంతు అది. అండాలమ్మ ఇస్త్రీ ఆపి ఆయన్ను పరీక్షగా చూసింది. పొట్ట పెరిగింది. మొహం నిగనిగలాడుతోంది. ఈ మనిషి బాగా నిద్రపోతున్నాడు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతకాని ప్రతి పనికీ ఆయనకు ఒక మద్దెల దొరికింది. ఆ మద్దెలను రోజూ ఎండు రొయ్యలు పెట్టి మేపుతున్నది తనే. పగ తీర్చుకుంటున్నానని ఇన్నాళ్ళూ తను చేసింది ఆయనకు సేవ. ఆ ఆలోచన రాగానే ఇస్త్రీ పెట్టె కింద శేఖర్ చొక్కా కాలిపోయింది. ఆమె చేతిలో బట్ట కాలడం ఆ సందు ఎప్పుడూ ఎరగదు.

అంతలోనే దశరథ కబురు తెచ్చాడు. ఆదివారం పార్కింగ్‌లో మీటింగ్. నల్లపిల్లిని పట్టించి హయత్‌నగర్ అవతలెక్కడో వదిలేయాలని పట్టాభి గారు పట్టుబడుతున్నారట.

"ఈసారి మళ్ళ రాకుండ సూస్త అన్నడక్కా" అన్నాడు దశరథ. ఆ 'ఈసారి' అన్నమాట దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

మైసికి ఒక ఇల్లు కావాలి. తలుపు వేసుకునే ఇల్లు, నాలుగు గోడల మధ్య ఎవరి సంచీ అందని ఇల్లు. ముందు తన గది ఓనరమ్మనే అడిగింది. "నల్లపిల్లిని తెస్తే రూము ఖాళీ చెయ్యి" అంది ఆవిడ. పక్క హాస్టల్లో ఉండే జ్యోతికకు పిల్లులంటే ప్రాణం, ఫోన్ నిండా పిల్లుల బొమ్మలే. ఆ పిల్ల మైసి చెవుల వెనక గోకుతూ, "ఆంటీ, నాకు ఇష్టమే. కానీ నెక్స్ట్ మంత్ ఎగ్జామ్ ఉంది. తెల్లదో గోధుమరంగుదో అయితే నిజంగా తీస్కునేదాన్ని. దీని గురించి అందరూ ఏవేవో అంటున్నరు కదా" అంది. శేఖర్ భార్య సింధు తలుపు సగమే తెరిచింది. "దాని కళ్ళల్లో ఏదో ఉందని మీరే అన్నారు కదండీ" అంది.

తను అన్న మాటే. తన గొంతు తగ్గించి, తన నోటితో అన్న మాట. ప్రతి తలుపు దగ్గరా అదే మాట ఎదురొచ్చింది. పట్టాభి గారు ఒక్కరు తిడితే మైసికి ఒక్క శత్రువే ఉండేవాడు. అండాలమ్మ పగ దానికి సందు నిండా శత్రువుల్ని సంపాదించి పెట్టింది. మెట్లు దిగుతూ పిల్లిని గుండెకు అదుముకుంది. "నా నోరు పడిపోను" అని తనను తానే తిట్టుకుంది. ఏడుపు రాలేదు, మంట వచ్చింది. ఆ మంట ముందు తన మీదికి, తర్వాత ఎటు పోవాలో అటు తిరిగింది.

ఆదివారం ఉదయం పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పట్టాభి గారు మధ్యలో కూర్చుని పిల్లివల్ల కాలనీకి జరిగిన నష్టాలు వరసగా చెబుతున్నారు. ఆయన భార్య ఇందిరాదేవి గారు వెనక కుర్చీలో కొంగు చుట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బట్టలివ్వడానికి వచ్చినప్పుడు మాత్రం బండి కిందికి చూడకుండానే "పిల్ల ఎలా ఉంది?" అని అడిగేవారు. ఎందుకు అడుగుతున్నారో అండాలమ్మ ఎప్పుడూ అడగలేదు.

పిలవని మీటింగుకు అండాలమ్మ చంకలో పిల్లితో వచ్చింది. కుర్చీలు గరగరమని వెనక్కి జరిగాయి.

"ఎవరు రానిచ్చారు దీన్ని? దశరథా!" అన్నారు పట్టాభి గారు.

"ఆగుండ్రి సార్. పట్టిచ్చే ముందల ఒక్కసారి దాని మహిమ సూడుండ్రి."

పిల్లిని నేల మీద దింపి, బొడ్డు సంచిలోంచి గుప్పెడు రొయ్యలు తీసి ఎడమవైపు విసిరింది. మైసి ఎడమకు పరుగెత్తింది. కుడివైపు విసిరింది. మైసి కుడికి పరుగెత్తింది. కోటేశ్వరమ్మ గారి కుర్చీ కిందికి విసిరితే ఆవిడ కెవ్వున కాళ్ళు పైకెత్తుకుంది, పిల్లి కింద కూర్చుని కరకర నమిలింది.

"ఏ దిక్కు రొయ్య పడ్తే ఆ దిక్కు పోతది. దీనికి మీ రాత తెల్వదు, నా రాత తెల్వదు. ఆకలొక్కటే తెలుసు. మీ పంచె ఇస్త్రీకొచ్చిన ప్రతిసారి రొయ్యలేసింది నేను. దాని కండ్లళ్ల ఏదో ఉన్నదని మీ అందరికి చెప్పింది కూడ నేనే. అబద్ధం చెప్పిన. దాని కండ్లళ్ల కండ్లే ఉన్నయ్."

పట్టాభి గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అంటే... కావాలని? మా వాడి సంబంధం కావాలని చెడగొట్టావా?"

"సంబంధం పిల్లి చెడగొట్టలె సార్, నేను చెడగొట్టలె. పిల్లి రోడ్డు దాటిన సేపు ఎంత? రెండు సార్లు ఇంట్లకు పోయి నీళ్ళు తాగుకుంట కూసున్నది ఎవరు? ముహూర్తం దాటిచ్చింది ఎవరు? మీ దగ్గర సదువుకునే పోరగాండ్లకు నౌకర్లు రాకపోతే గది గుడ పిల్లి మీదికే నూకిన్రు. ఇగ నూకుడు బంద్. ఇయ్యాల్టి సంది ఏది చెడ్డా మీ పేరు మీదనే చెడ్తది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కుర్చీ నుంచి కుర్చీకి పాకింది. పట్టాభి గారి మొహంలో నిగనిగ పోయింది. అండాలమ్మ దాన్ని తృప్తిగా చూసింది. రొయ్యలు విసిరిన ఏ రోజూ ఇంత తృప్తి కలగలేదు.

"రేపట్నుంచి నీ బండి ఈ సందులో ఉండదు!" అన్నారాయన లేచి.

"తీసెయ్యుండ్రి. కానీ ఒక్కటి చెప్పుండ్రి. ఆ పొద్దు మా కాటుక మీకు అడ్డం ఎందుకొచ్చిందో ఎర్కనా? నోట్ల పిల్ల ఉండె. మీ కార్ల కింద పడి నలుగుతయని ఒక్కొక్క దాన్ని ఇవతలికి తెచ్చుకుంటుండె. గంతే. మీ ప్లాటు గురించి దానికి ఎర్క లేకుండె."

కోటేశ్వరమ్మ గారు పైకెత్తుకున్న కాళ్ళు మెల్లగా కిందికి దించారు.

"నేను దాన్ని చంపలేదు" అన్నారు పట్టాభి గారు, అందరివైపూ చూస్తూ. "బ్రిడ్జి దగ్గర వదిలిపెట్టాను, అంతే. పిల్లిని చంపితే కాశీలో బంగారు పిల్లిని దానమివ్వాలని నాకు తెలియదా?"

అప్పుడు ఇందిరాదేవి గారు లేచారు.

"బియ్యం సంచి తెచ్చి ఇచ్చింది నేనేనండీ. కిటికీలోంచి చూశాను, మీరు మూతి తాడుతో కట్టారు" అన్నారావిడ. గొంతు సన్నగా ఉంది, కానీ పార్కింగ్ అంతా వినబడింది. "వదిలిపెడితే ఖాళీ సంచి ఇంటికి రావాలి కదా. రాలేదు. ఆరోజు నుంచీ డిక్కీలో వెతుకుతూనే ఉన్నాను. నేనెందుకు ఇచ్చానా అని నాకు ముద్ద దిగడం లేదు."

పట్టాభి గారు దశరథకేసి చూశారు, పిల్లికేసి చూశారు. ఎవరి మీదికి నెట్టాలో తెలియక ఆ మనిషి చేతులు గాల్లో ఆడించడం సందులో వాళ్ళంతా అప్పుడే మొదటిసారి చూశారు.

ఇందిరాదేవి గారు వంగి, రొయ్యలు నములుతున్న మైసి ముందు చెయ్యి పెట్టారు. అది వాసన చూసింది.

"దీన్ని నాకివ్వు అండాలమ్మా. మా ఇంట్లో ఉంటుంది."

"ఇందిరా! మతిపోయిందా నీకు? పొద్దున్నే లేచి దాని మొహం చూడాలా నేను?"

"చూడండి. రోజూ చూడండి" అన్నారావిడ భర్తవైపు తిరక్కుండానే.

అండాలమ్మ అవును అనలేకపోయింది. ఏ ఇంటికైనా ఇద్దామనుకుంది గానీ ఈ ఇల్లు ఆమె లెక్కలో లేదు. తల్లిని మూట కట్టిన చేతులున్న ఇంటికి బిడ్డను పంపడమా? మైసిని ఎత్తుకుని పట్టాభి గారి మొహంలోకి చూసింది. ఆయన ఆ పిల్లికేసి చూస్తున్నారు, దానికంటే ఎక్కువగా అరవని, ఏడవని తన భార్యకేసి చూస్తున్నారు. ఇక ఆవిడ కన్ను దాటి ఆ ఇంట్లో ఒక్క సంచి కదలదని అండాలమ్మకు అర్థమైంది. ఇంతకంటే పెద్ద శిక్ష తన చేత కాదు, మైసమ్మ చేత కూడా కాదు.

"తీస్కోండ్రి అమ్మా. దినాం నేనొచ్చి సూస్త. ఒక్క పూట కనవడకపోయినా గీ సందుల మీ ఆయన్ని నిలవెడ్త" అంది. పిల్లిని ఆవిడ చేతుల్లో పెట్టాక మాత్రం ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక కొంగు మడతపెట్టింది.

బండి ఎక్కడికీ పోలేదు. బండి తీసేస్తే బట్టలు ఎవరు చేస్తారని కోటేశ్వరమ్మ గారే అడ్డుపడ్డారు. మైసి ఇప్పుడు రెండో అంతస్తు బాల్కనీలో ఎండకు పడుకుంటుంది. పట్టాభి గారు లేచేసరికి గడప మీద, చెప్పులు వేసుకునేసరికి చెప్పుల మీద, కారెక్కేసరికి కారు పైన. ఎన్నిసార్లని ఆగుతారు, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారు? మొదట్లో వారం పాటు ఆలస్యంగా వెళ్ళారు, తర్వాత ఆగడం మానేశారు. ఈమధ్య ఒక కుర్రవాడి తండ్రి గేటు దగ్గరే నిలదీశాడు, మా వాడికి ఎందుకు రాలేదని. పట్టాభి గారు అలవాటుగా సందుకేసి చూశారు. సందులో అండాలమ్మ తప్ప ఎవరూ లేరు. "సరిగ్గా చెప్పలేకపోయామండీ" అన్నారు చివరికి, చాలా చిన్న గొంతుతో. ఆమె వినపడనట్టు కాలరు రుద్దుతూ ఉంది. అలా రుద్దుతూ రుద్దుతూ ఆ ఒక్క కాలరూ చాలాసేపు చేసింది.

మొన్న ఆయనే స్వయంగా తెల్ల చొక్కాలు పట్టుకుని బండి దగ్గరికి వచ్చారు. చొక్కాల నిండా నల్ల వెంట్రుకలు.

"బీరువా తెరిస్తే చాలు వెళ్ళి వీటి మీదే పడుకుంటోంది. ఇందిర ఏమీ అననివ్వదు. ఎల్బీనగర్‌లో క్లాసుంది, కాస్త దులిపి చెయ్యమ్మా."

"అట్లనే సార్" అంది అండాలమ్మ.

ఆయన లోపలికి వెళ్ళాక ఒక చొక్కా బల్ల మీద పరిచి, వీపు మీది వెంట్రుకల్ని అరచేత్తో మెల్లగా నిమిరింది. పట్టులా ఉన్నాయి. కాటుకవీ ఇలాగే ఉండేవి. ఒక్కటి కూడా దులపలేదు. నీళ్ళు చిలకరించి, పెట్టె మూత తీసి బొగ్గులు ఊది, మళ్ళీ ఊడిరాకుండా బరువంతా వేసి ఇస్త్రీ చేసింది.